అందాన్ని పక్కనపెట్టి నవ్వించిన కరోల్ లొంబార్డ్

కరోల్ లొంబార్డ్ అసలు పేరు జేన్ ఆలిస్ పీటర్స్. 1908 అక్టోబర్ 6న అమెరికాలోని ఇండియానా రాష్ట్రం ఫోర్ట్ వేన్‌లో పుట్టింది. చిన్నతనంలోనే తల్లి, అన్నలతో లాస్ ఏంజెలెస్ చేరింది. వీధిలో బేస్‌బాల్ ఆడుతూ దర్శకుడు అలన్ డ్వాన్ కంటబడి, 1921లో వచ్చిన ‘ఎ పర్ఫెక్ట్ క్రైమ్’లో చిన్న వేషం వేసింది. తర్వాత ఫాక్స్ సంస్థలో కుదురుకుంటున్న రోజుల్లో కారు ప్రమాదం జరిగి ఎడమ చెంపపై మచ్చ మిగిలింది. 1927లో మాక్ సెనెట్ హాస్య బృందంలో చేరింది. పడటం, లేవటం, తన్నటం, తన్నించుకోవటం అన్నీ అక్కడే ఒంటబట్టాయి. 1930లో ఆమెను తీసుకున్న పారమౌంట్ సంస్థ మాత్రం ఆ విద్యను మరచి, ఖరీదైన గౌన్లలో ముస్తాబు చేసి నిలబెట్టింది.

ఆ విద్య బయటపడింది 1934లో, హోవర్డ్ హాక్స్ తీసిన ‘ట్వంటియెత్ సెంచరీ’లో. షికాగో నుంచి న్యూయార్క్ వెళ్లే రైల్లో సాగే కథ. పొగరుబోతు నాటక నిర్మాతగా జాన్ బారీమోర్, అతని చేతిలో తయారై అతన్నే వదిలిపోయిన నటిగా లొంబార్డ్. అంతటి రంగస్థల దిగ్గజం ఎదుట ఆమె బిగుసుకుపోయింది. అప్పుడు హాక్స్ పక్కకు పిలిచి, బారీమోర్ పాత్ర అన్న మాటలు నిజంగా ఎవరైనా నిన్నంటే ఏం చేస్తావని అడిగాడట. తన్ని తగలేస్తానందట ఆమె. అయితే తన్నెయ్, లేకపోతే వేషం పోతుందన్నాడట. ఈ ముచ్చట హాక్స్ తర్వాత చెప్పుకున్నది. తెరమీద చూస్తే నమ్మకుండా ఉండలేం: రైలు పెట్టెలో వెల్లకిలా పడి, కాళ్లు రెండూ ఝాడిస్తూ, గొంతు చించుకుంటూ ఆమె ఎగబడుతుంటే బారీమోర్ వెనక్కి గెంతుతాడు. అందంగా కనబడాలన్న జాగ్రత్త మచ్చుకైనా లేదు. ఆమె గొప్పతనమంతా అందులోనే ఉంది.

1936లో ‘మై మ్యాన్ గాడ్‌ఫ్రే’లో, అప్పటికే విడాకులిచ్చిన మాజీ భర్త విలియమ్ పావెల్ సరసన నటించి ఆస్కార్ నామినేషన్ అందుకుంది. మరుసటి ఏడు ‘నథింగ్ సేక్రెడ్’. 1939లో నటుడు క్లార్క్ గేబుల్‌తో పెళ్లి. నడుమ గంభీర పాత్రలూ వేసింది గానీ, 1941లో హిచ్‌కాక్ దర్శకత్వంలో ‘మిస్టర్ అండ్ మిసెస్ స్మిత్’తో మళ్లీ హాస్యానికే వచ్చింది.

అమెరికా రెండో ప్రపంచ యుద్ధంలోకి దిగాక ఇండియానాపొలిస్‌లో యుద్ధ బాండ్ల సభకు వెళ్లి 20 లక్షల డాలర్లకు పైగా అమ్మించింది. తిరుగు ప్రయాణంలో, 1942 జనవరి 16న, లాస్ వేగస్ సమీపంలో విమానం కొండను ఢీకొని, తల్లితోపాటు ఆమె కూడా మరణించింది. వయసు 33. చివరి చిత్రం ‘టు బి ఆర్ నాట్ టు బి’ ఆ తర్వాతే విడుదలైంది. విమాన ప్రయాణంలో ఏం జరుగుతుందిలే అనే ధోరణిలో ఆమె అన్న మాటను అందులోంచి తీసేశారు. నాజీలను ఎగతాళి చేసిన ఆ చిత్రం చూసి, ఇదేం హాస్యమని నాటి విమర్శకులు కొందరు మండిపడ్డారు. దర్శకుడు ఎర్నెస్ట్ లూబిచ్ ఉత్తమ చిత్రాల్లో ఒకటిగా ఇప్పుడు దాన్ని లెక్కిస్తున్నారు.