చూచిన చిత్రమును వినుట

చలనచిత్రము కన్నులకే గాని చెవులకు గాదను మాట మన దేశమున ఏనాడును సత్యము గాలేదు. మూకీల కాలమున తెరప్రక్క నొకడు నిలిచి, బొమ్మల నడుమ వచ్చు అక్షరములను చదివి, కథను తెలుగులో వివరించుచుండెడివాడు. హరికథలకును, తోలుబొమ్మలాటలకును అలవడిన మన జనులకు ఈ పద్ధతి క్రొత్తగా తోచలేదు. బొమ్మ యొకచోట, పలుకు వేఱొకచోట నుండుట వారెఱిగినదే.

జపాను దేశమున ఇట్టివారిని బెన్షి యనిరి. అచ్చట తెరమీది నటునికంటె తెరప్రక్క వ్యాఖ్యాతకే ఒక్కొక్కప్పుడు పేరెక్కువ. ముసెయి తోకుగావా యను బెన్షి పలుకు వినుటకే జనులు టిక్కెట్టు కొనెడివారు. 1931లో అచ్చటను మాటలాడు చిత్రములు వచ్చెను. బెన్షీల జీవనోపాధి క్రమముగా అంతరించెను. మనకు 1932లో హెచ్. ఎమ్. రెడ్డిగారి దర్శకత్వమున ‘భక్త ప్రహ్లాద’ వెలువడెను. నటులే మాటలాడ నారంభించిన పిమ్మట తెరప్రక్క మనుష్యునితో పని యేమి?

పని తీరినను కోరిక తీరలేదు. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రము ప్రారంభమైనది. తరువాతి కాలమున రేడియోలో ‘సంక్షిప్త శబ్దచిత్రము’ అను కార్యక్రమము ప్రసిద్ధి కెక్కెను. పూర్తి చిత్రములోని సంభాషణలను, పాటలను కుదించి, నడుమ నడుమ వ్యాఖ్యానము చేర్చి వినిపించుట దాని పద్ధతి. మూకీనాటి వ్యాఖ్యాత తెరను విడిచి రేడియోపెట్టెలో ప్రవేశించెనని నేనందును.

మా రామకృష్ణాపూరు బొగ్గుబావుల యూరు. వినుట యన నేమో బావిలో దిగువానికి వేఱుగా చెప్పనక్కఱలేదు. అతడు పైకప్పును కఱ్ఱతో తట్టి నాదము వినును. గట్టిగా మ్రోగిన నిలుచును. డొల్లగా పలికిన వెనుకకు జరుగును. చీకటిలో చెవియే కన్ను. రాత్రి షిఫ్టు గలవానికి సాయంకాలపు ఆట దక్కదు. అట్టివానికి రేడియోలో వినవచ్చు చిత్రము తక్కువ చిత్రమెట్లగును?

1984లో అమెరికాలో ‘కింగ్ కాంగ్’ చిత్రమును లేజర్ డిస్కుపై వెలువరించుచు, రొనాల్డ్ హేవర్ అను చిత్రచరిత్రకారుని వ్యాఖ్యానమును రెండవ శబ్దమార్గమున చేర్చిరి. బొమ్మ సాగుచుండగా ఒకడు దాని పుట్టుకను చెప్పుచుండును. క్రమముగా దర్శకులును, వృద్ధనటులును ఆ స్థానమున కూర్చుండిరి. వృద్ధనటుని వ్యాఖ్యానమున నొక విశేష రసము కలదు. తెరమీద అతని యౌవనము కదలుచుండును. చెవిలో అతని వార్ధకము పలుకుచుండును. నడుమ నతడు మాటలాపి తన్ను తానే చూచుకొను క్షణమున, ఆ మౌనమే గొప్ప వ్యాఖ్యానము.

ఇప్పుడు మన నష్టమును గణింతము. 1957 మార్చి 27న విడుదలైన ‘మాయాబజార్’ చిత్రమునకు పిమ్మట రంగులు వేసి, శబ్దమును శుద్ధిచేసి, 2010 జనవరి 30న మరల ప్రదర్శించిరి. అందు బలరాముడుగా నటించిన గుమ్మడి వెంకటేశ్వరరావుగారు దానికి నాలుగు దినములు ముందు, జనవరి 26న గతించిరి. ఘటోత్కచుడైన ఎస్. వి. రంగారావుగారు 1974లోను, శశిరేఖయైన సావిత్రిగారు 1981లోను, అభిమన్యుడైన అక్కినేని నాగేశ్వరరావుగారు 2014లోను వెళ్ళిపోయిరి. యంత్రము నలుపు తెలుపులకు వర్ణము నీయగలదు. ఆ ఘట్టమున దీపముల వేడి యెంత, దర్శకుడు కె. వి. రెడ్డిగారు ఏమని హెచ్చరించిరి, తోడినటుని కన్నులలో నేమి కనబడెను అను మాటల నది యీయలేదు. వ్రాసిన స్మృతులు కొన్ని యున్నవి. కాని వ్రాత సంవత్సరములను చెప్పును. ప్రతి దృశ్యము వెంట నడువదు.

కావున మన వృద్ధనటులలో నేటికిని జీవించియున్నవారిని, వారు నటించిన చిత్రముముందు కూర్చుండబెట్టి, మొదటినుండి తుదివఱకు మాటలాడించి, ఆ పలుకును భద్రపఱచుట తక్షణ కర్తవ్యము. దీనికి గొప్ప ధనము వలదు. ఒక గది, ఒక మైకు, వినుటకు ఓపికగల యొక మనుష్యుడు చాలును. బొగ్గు భూమిలో లక్షల యేండ్లు నిలుచును. గొంతు అట్లు నిలువదు.