కరణం గారి పెట్టె నుంచి మండలాఫీసు దాకా: 1980ల పదేళ్ళు మన ఊళ్ళను ఏం చేశాయి

పోస్టు కాస్త పెద్దది. పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కున్నాక తీరిగ్గా చదవండి.

మొన్న మా అమ్మ ట్రంకు పెట్టె సర్దుతుంటే అడుగున 1981 నాటి శిస్తు రసీదు ఒకటి దొరికింది. కరణం గారి గొలుసుకట్టు రాత, కింద సంతకం. ఇప్పటి పిల్లలకు చూపిస్తే కరణం అంటే ఎవరు నాన్నా అని అడిగారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, సరే రాసే పెడదాం అనుకున్నాను. ఇవాళ మనం పడుతున్న భూమి తగాదాల్లోనూ, మనం మంచి అనుకుంటున్న వాటిలోనూ చాలావాటికి వేరు ఆ పదేళ్ళలోనే ఉంది.

1983కి ముందు ఊరు ఎలా ఉండేదో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. కోస్తాలో కరణం, మునసబు. తెలంగాణలో పటేల్, పట్వారీ. మన అడంగల్ (వాళ్ళ పహాణీ), సర్వే లెక్క, ఎవరి గట్టు ఎక్కడ అన్నది మొత్తం ఒకరింటి పెట్టెలో ఉండేది. ఆఫీసు అంటే ఆయన ఇంటి అరుగే. తండ్రి తర్వాత కొడుకు. ఈ ఉద్యోగాలు వంశపారంపర్యంగా ఇవ్వడం చెల్లదని సుప్రీంకోర్టు 1960లోనే, అదీ మన రాష్ట్రం నుంచి వెళ్ళిన కేసులోనే చెప్పింది. అయినా ఊళ్ళల్లో పెద్దగా మారింది లేదు. అందరూ చెడ్డవాళ్ళని నేననను. ప్రతి గట్టూ, ప్రతి కాలువా నోటి లెక్కలో ఉన్న కరణాలు ఉండేవారు. కానీ ఆయనకు కోపం వస్తే మీ పేరు కాగితం మీద నుంచి జారిపోయేది, మీకు తెలిసేది కూడా కాదు.

1982 మార్చి 29న పార్టీ పెట్టిన ఎన్టీ రామారావు 1983 జనవరి 9న ముఖ్యమంత్రి అయ్యారు. ఏడాది తిరిగేసరికి, 1984 జనవరిలో, ఒక్క ఆర్డినెన్సుతో గ్రామాధికారుల పదవులన్నీ రద్దు. 1985లో తాలూకాలు పోయి వెయ్యికి పైగా మండలాలు వచ్చాయి. ఎడ్లబండి కట్టుకుని తాలూకా కచేరీకి పోయి, పని కాక సత్రంలో పడుకున్నవాడికి మండలాఫీసు ఎంత దగ్గరో అనిపించింది. బీసీల నుంచి మండల అధ్యక్షులు వచ్చారు. పెద్దల ఇళ్ళముందు చెప్పులు చేతపట్టుకుని నడిచిన ఇళ్ళ పిల్లలు కుర్చీలో కూర్చున్నారు. ఇది చిన్న మార్పు కాదండీ.

కానీ పదవి తీసేసినంత సులువుగా పెట్టెలో కాగితం రాలేదు. చాలా ఊళ్ళల్లో రికార్డులు పూర్తిగా అప్పగించనే లేదు. కొన్ని చెదలు తిన్నాయి, కొన్ని ‘కనపడలేదు’. పైగా కొత్తగా వచ్చిన ఉద్యోగికి ఊరు తెలియదు, బదిలీ అయితే వెళ్ళిపోతాడు. అన్నదమ్ములు నోటిమాట మీద పంచుకున్నవీ, తెల్లకాగితం మీద కొన్నవీ ఎక్కడివక్కడే ఆగిపోయాయి. 1989లో పట్టాదారు పాసు పుస్తకాల రూల్స్ వచ్చేదాకా ఆ గందరగోళం అలాగే ఉంది, వచ్చాక కూడా పూర్తిగా పోలేదు. నా మాటగా చెప్తున్నా, కరణాన్ని తీసేయడం న్యాయమే. తీసేసే ముందు రోజు ఊరూరా గ్రామసభ పెట్టి ఆ లెక్కలు పైకి చదివించి ఉంటే ఈ నలభై ఏళ్ళ కోర్టు ఖర్చులో సగం మిగిలేది.

రెండు రూపాయల కిలో బియ్యం 1983లో వచ్చింది. అప్పుడు మోతుబరులు ఏమన్నారో మీరూ విని ఉంటారు: కూలీలు పనికి రారు, బద్ధకం నేర్చుకుంటారు అని. ఇప్పటికీ అదే మాట వింటున్నాం. ఇంకోవైపు నుంచి చూడండి. అంతకుముందు ఆషాఢంలో పని లేనప్పుడు కూలీ కుటుంబం ఆసామి ఇంటికి వెళ్ళి తవ్వెడు గింజలు అడిగి, కోతల్లో తక్కువ కూలికి వచ్చి తీర్చేది. ఇంట్లో కార్డు బియ్యం ఉన్నప్పుడు ఆ అడుగుడు తగ్గింది. కూలి రేటు గురించి నిలబడి మాట్లాడే ధైర్యం అక్కడ మొదలైంది. మెట్ట ప్రాంతాల్లో సంకటి, జొన్నరొట్టె తగ్గి అన్నం వచ్చిందీ ఆ రోజుల్లోనే. మన పొలాల్లో కూడా 1982లో మార్టేరు నుంచి స్వర్ణ, 1986లో బాపట్ల నుంచి సాంబ మసూరి వచ్చి, ఊరు తినే బియ్యమే మారిపోయింది.

ఆ దశాబ్దంలో ఒక తేదీ రాయకుండా పోతే అబద్ధం రాసినట్టే. 1985 జూలై 17, కారంచేడు. మంచినీళ్ళ చెరువు దగ్గర గేదె కుడితి బక్కెట కడగొద్దన్నందుకు మొదలైన మాట, మర్నాటికి మాదిగపల్లె మీద దాడి అయింది. ఆరుగురిని చంపారు. మిగిలినవాళ్ళు చీరాల వెళ్ళి శిబిరంలో తలదాచుకున్నారు. అక్కడి నుంచే కత్తి పద్మారావు, బొజ్జా తారకం లాంటివాళ్ళ నాయకత్వంలో దళిత మహాసభ పుట్టింది. ‘దళితుడు’ అన్న మాట మన పల్లెల్లో వాడుకలోకి వచ్చింది ఆ తర్వాతే. చంపినవాళ్ళు కూడా మనలాంటి రైతులే. ఈ మాట రాస్తే కొందరికి నచ్చదు, తెలుసు.

ఇంకోటి మన ఇళ్ళల్లోది. ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికి పుట్టుకతో హక్కు అని చట్టం 1986లో చేశారు, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా. దేశమంతటికీ అది వచ్చింది 2005లో. మనం ఇరవై ఏళ్ళు ముందున్నామని గొప్పగా చెప్పుకుంటాం. మరి మనం చేసిందేమిటి? కట్నం ఇచ్చాంగా అన్నాం. పండక్కి పిలిచి చీర పెట్టి, భోజనం అయ్యాక సంతకం పెట్టించుకున్నాం. మా ఇంట్లోనూ అదే జరిగింది. మా అక్క చదవకుండానే పెట్టింది. నేను పక్కనే ఉన్నాను, పెన్ను అందించింది నేనే.

ఇక పత్తి. గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడిలో పత్తి తెల్ల బంగారం అన్న రోజులు. పురుగుకి సైపర్‌మెత్రిన్, ఫెన్‌వలరేట్ లాంటి మందులు వచ్చాయి. కొట్టగానే పురుగు రాలిపోతుంటే ముచ్చటేసి మళ్ళీ మళ్ళీ కొట్టాం. మిత్ర పురుగులూ చచ్చాయి, తెల్లదోమ విరగబడింది. 1987లో చేలకు చేలు మసిబారిపోయాయి. మందుల కొట్టు బాకీ తీర్చలేక ప్రకాశం జిల్లాలో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. రైతు ఆత్మహత్య అన్న మాట మనకు తెలిసింది అప్పుడే. ముందు తరంలో కరువు ఉంది, ఆకలి ఉంది, కానీ చేను పచ్చగా ఉన్నప్పుడే అప్పు మునిగిపోయే వ్యవసాయం ఇది కొత్త. షావుకారు ఖాతా పోయి మందుల కొట్టు ఖాతా వచ్చింది, అంతే తేడా.

హార్స్ పవర్‌కి ఇంతని కరెంటు స్లాబు, దానితో లోతుకు దిగిన బోర్లు, ఆదివారం రామాయణం కోసం టీవీ ఉన్న ఇంటిముందు చేరిన ఊరు, ఇవన్నీ కూడా అప్పటివే. వాటి గురించి ఇంకో పోస్టు రాస్తాను.

ప్రస్తుతానికి మీ ఇంట్లో పాత పెట్టెలు ఓసారి తీయండి. 1984కి ముందటి శిస్తు రసీదులు, పాత అడంగల్ నకళ్ళు ఉంటే ఫొటో తీసి దాచుకోండి, చెదలు చూస్తే పారేయకండి. నేను మా రసీదు ఫొటో తీసి ముందు మా అక్కకి పంపించాను. ఇంకా ఏమీ అనలేదు.