స్మర్క్: పరువు పోయిన చిరునవ్వు

ఇంగ్లీషులో ‘స్మర్క్’ అంటే నేటి వాడుకలో పెదవి ఒక కొస పైకి లాగి నవ్వే నవ్వు. పళ్లు కనిపించవు, చప్పుడు వినిపించదు. ఎదుటివాడికి తెలియనిదేదో తనకు తెలుసన్న ధీమా, తానే గెలిచానన్న సంబరం, కాస్త చులకన అందులో కలిసి ఉంటాయి. ఈ మాటకు చెడ్డపేరు పుట్టుకతో వచ్చింది కాదు. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో దానికి చిరునవ్వు నవ్వడం అన్నదే అర్థం.

పాత ఇంగ్లీషులో దీని రూపం ‘స్మెఆర్కియన్’. 9వ శతాబ్దం చివర, ఆల్‌ఫ్రెడ్ రాజు పేరు మీద వెలసిన బోయీథియస్ తత్వగ్రంథపు అనువాదంలో ఈ క్రియ మామూలు చిరునవ్వు అనే అర్థంలోనే కనిపిస్తుంది. దీని మూలం ‘స్మెయ్’ అనే ఆదిమ ఇండో-యూరోపియన్ ధాతువు కావచ్చని భాషా చరిత్రకారుల అభిప్రాయం. సంస్కృతంలో ‘స్మి’ ధాతువు కూడా అక్కడి నుంచి వచ్చిందే. తెలుగువారు నిత్యం వాడే మందస్మితం, కావ్యాల్లో కనిపించే స్మేరవదనం ఆ కుదురు మాటలే. ఆశ్చర్యాన్ని చెప్పే విస్మయం కూడా దానికి చుట్టమే. లాటిన్‌లో ఇదే ధాతువు అద్భుతమనే అర్థం వైపు మళ్లింది. ఇంగ్లీషు ‘మిరకిల్’ అక్కడి నుంచి వచ్చింది. ఇంత పెద్దింటి మాట ఇంగ్లాండులో వెకిలితనం వైపు జారడానికి కారణం ఆ ఇంట్లోనే పుట్టిన మరో మాట.

ఆ మాట ‘స్మైల్’. ఇది పాత ఇంగ్లీషులో లేదు. సుమారు 1300 ప్రాంతంలో రాతల్లోకి వచ్చింది. స్కాండినేవియా భాషల నుంచి గానీ, ఉత్తర జర్మనీ మాండలికాల నుంచి గానీ వచ్చి ఉంటుంది. మొదట్లో స్మైల్ కూడా పూర్తిగా మంచి మాటేమీ కాదు. 14వ శతాబ్దంలో ఇంగ్లీషు కవి ఛాసర్ తన ‘కాంటర్‌బరీ కథల’లో సన్యాసిని ముఖంలోని అమాయకత్వానికీ, అంగీ కింద కత్తి దాచుకున్న ద్రోహి ముఖానికీ ఈ మాటే వాడాడు. కొంతకాలం రెండు మాటలూ ఒకే పని చేశాయి. ఒకే అర్థానికి రెండు మాటలు మిగిలినప్పుడు భాష వాటికి వేర్వేరు పనులు అప్పగించడం తరచూ జరిగేదే. 1500 తర్వాత మంచి నవ్వు మెల్లగా స్మైల్ వాటాకు వెళ్లింది, మిగిలింది స్మర్క్‌కు దక్కింది. పంపకం ఒక్కరోజులో తెగలేదు. 18వ శతాబ్దపు రాతల్లో కూడా అక్కడక్కడా స్మర్క్ ఉత్త చిరునవ్వే.

ఈ జారుడు రెండు మెట్లలో జరిగింది. 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువులో ఈ క్రియకు, లేని మెత్తదనాన్నీ దయనూ ముఖాన తెచ్చిపెట్టుకోవడం అని అర్థం చెప్పాడు. ఇందులో గర్వం ఊసే లేదు. అక్కడ తప్పు కపటం. పెద్దల మెప్పు కోసం ముఖానికి పులుముకునే నవ్వు అది. నేటి అర్థంలో దిశ తిరగబడింది. ఆనాటి స్మర్క్ పైవాడిని చూసి నవ్వేది, నేటిది కిందవాడిగా ఎంచినవాణ్ని చూసి నవ్వేది. ఈ మాట చరిత్రలో అన్నిటికన్నా ఆసక్తికరమైన మలుపు ఇదే.

సాటి మాటల దారులు వేరు. ‘స్మగ్’ 16వ శతాబ్దంలో శుభ్రంగా, ముస్తాబుగా ఉన్నవాణ్ని చెప్పేది. తర్వాత తన గొప్పకు తానే మురిసిపోయేవాడిని చెప్పసాగింది. ‘గ్రిన్’ మాత్రం ఎదురు నడిచింది: నొప్పితోనో కోపంతోనో పళ్లు బయటపెట్టడం దాని తొలి అర్థం, ఇప్పుడది పళ్లన్నీ కనిపించే నవ్వు. ‘స్నీర్’లో చులకన బాహాటం. 1872లో డార్విన్ మనుషుల, జంతువుల భావప్రకటనపై రాసిన పుస్తకంలో దాన్ని వర్ణిస్తూ, ఒకపక్క కోరపన్ను బయటపడే తీరును ప్రత్యేకంగా పరిశీలించాడు. స్మర్క్‌లో పెదవులు మూసే ఉంటాయి. పెదవి ఒక కొస మాత్రమే బిగిసి పైకి లేచిన ముఖాన్ని వేర్వేరు దేశాలవారు చులకనగా గుర్తించారని 1986లో మనస్తత్వ శాస్త్రవేత్తలు పాల్ ఎక్‌మన్, వాలెస్ ఫ్రీసెన్ ప్రచురించారు. 2010లో యూనికోడ్ 6.0 స్మర్క్ పేరుతో ఒక ముఖచిహ్నాన్ని చేర్చింది. ఫోన్ సందేశాల్లో దాన్ని కవ్వింపుకూ వాడుతున్నారు.

వాడుకలో గమనించాల్సింది ఒకటుంది. ఈ మాట ముఖాన్ని వర్ణించడంతో ఆగదు, ఆ ముఖం మీద తీర్పు కూడా చెబుతుంది. అందుకే తన నవ్వు గురించి తాను చెప్పుకునేటప్పుడు సాధారణంగా ఎవరూ దీన్ని వాడరు, ఎదుటివారి నవ్వుకే అంటగడతారు. కోర్టులో నిందితుడు స్మర్క్ చేశాడని రాసిన విలేకరి అతని మనసులోకి తొంగిచూసినట్టే రాస్తున్నాడు. పెదవి కదిలిందన్నది చూసిన సంగతి, అందులో పొగరుందన్నది ఊహ.

తెలుగులో దీనికి ఒంటి మాట లేదు. నవ్వుకు ముందు విశేషణం చేర్చుకోవాలి. వెకిలి నవ్వు అంటే లేకితనం ముందుకొస్తుంది, ధీమా పోతుంది. ముసిముసి నవ్వులో గుట్టు ఉంది గానీ చులకన లేదు, పైగా ముద్దొస్తుంది. వెటకారపు నవ్వు ఎగతాళిని పట్టుకుంటుంది, తనను తాను మెచ్చుకోవడాన్ని వదిలేస్తుంది. జాన్సన్ కాలపు నవలను అనువదించేవారికి దొంగనవ్వు దగ్గరగా ఉంటుంది, నేటి నవలకైతే చాలాచోట్ల పొగరు నవ్వే నప్పుతుంది.