మూడు ఊళ్ల గ్రంథాలయాలు, ఒకే జాబితా: ఆన్‌లైన్ పనిముట్లతో గ్రంథపాలకులు కలిసి పనిచేయడం ఎలా?

గ్రూప్స్‌కు చదువుతున్న అభ్యర్థి కోరుట్ల శాఖా గ్రంథాలయంలో ఒక పుస్తకం అడిగారనుకుందాం. అక్కడ లేదు. సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలోని జగిత్యాలలో ఉందో లేదో చెప్పేదెవరు? జాబితాలు ఎక్కడికక్కడ రిజిస్టర్లలోనే ఉంటే, ఫోన్ చేయాలి, లేదా బస్సెక్కి వెళ్లి చూసుకోవాలి. అక్కడా లేకపోతే ఆ రోజు చదువు పోయినట్టే.

దీనికి పెద్ద ఖర్చు లేని పరిష్కారం ఉంది. గ్రంథపాలకులు అందరూ కలిసి నింపే ఒకే ఆన్‌లైన్ జాబితా. దాన్ని ఎలా మొదలుపెట్టాలి, ఎక్కడ జాగ్రత్త పడాలి అన్నది చూద్దాం.

ఈ మూడు ఊళ్లకు సంబంధం ఏమిటి?

2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడే వరకు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడూ కరీంనగర్ జిల్లాలోనే ఉండేవి. ఇప్పుడు మొదటి రెండూ జగిత్యాల జిల్లాలో, సిరిసిల్ల రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఉన్నాయి. జిల్లా గ్రంథాలయ సంస్థలూ వేర్వేరు. కాబట్టి జగిత్యాల, కోరుట్ల జాబితాలు కలపడం ఒక సంస్థ పరిధిలోని పని. సిరిసిల్లను కలపాలంటే రెండు సంస్థలూ మాట్లాడుకోవాలి. ముందు ఒక జిల్లాలో మొదలుపెట్టి, తర్వాత రెండోదాన్ని చేర్చుకోవడం తేలిక.

మొదట ఏం చేయాలి?

ఖాతా సంస్థ పేరుతో తెరవండి. ఇదే అన్నిటికన్నా ముఖ్యం. ఉద్యోగి సొంత జీమెయిల్‌లో జాబితా తయారైతే, ఆయన బదిలీ అయినా, రిటైరైనా దాన్ని తిరిగి చేతికి తెచ్చుకోవడం కష్టం. పాస్‌వర్డు, రికవరీ ఫోన్ నంబరు ఎవరి దగ్గర ఉన్నాయో కార్యాలయ ఫైల్లో రాసి ఉంచాలి. గూగుల్ ఉచిత ఖాతాలో 15 జీబీ స్థలం వస్తుంది. పుస్తకాల పట్టికకు అది చాలు.

తర్వాత గూగుల్ షీట్స్‌లో పట్టిక తెరవండి. అక్సెషన్ నంబరు, పుస్తకం పేరు, రచయిత, విషయం, ఏ గ్రంథాలయం, ఇప్పుడు ఉందా బయటికి వెళ్లిందా అనే ఆరు గడులతో మొదలుపెడితే చాలు. ఉన్న పుస్తకాలన్నీ ఒక్కసారే ఎక్కించాలని కూర్చుంటే పని సగంలో ఆగుతుంది. ఎక్కువమంది అడిగే పోటీ పరీక్షల పుస్తకాలు ముందు ఎక్కించండి.

పేర్లు రాయడంలో మెలకువ

తెలుగు పేర్లను యూనికోడ్‌లోనే టైప్ చేయాలి. డీటీపీలో వాడే పాత అను ఫాంట్లలో కొట్టిన పేరు ఫోన్‌లో అర్థం కాని గుర్తులుగా కనిపిస్తుంది, వెతికితే దొరకదు.

ఒక రచయితకు ఒకే రూపం వాడాలి. సిరిసిల్ల జిల్లా హన్మాజీపేటలో పుట్టిన జ్ఞానపీఠ గ్రహీత సి. నారాయణరెడ్డినే తీసుకోండి. ఒకరు సినారె అని, మరొకరు నారాయణరెడ్డి సి. అని, ఇంకొకరు డాక్టర్ సి.నా.రె. అని రాస్తే, వెతికిన పాఠకుడికి మూడింట ఒక వంతు పుస్తకాలే కనిపించవచ్చు. ఏ రూపం వాడాలో ముందే తేల్చుకుని అదే పట్టికలో మొదటి పేజీగా పెట్టండి.

ఎవరికి ఏ అనుమతి?

గ్రంథపాలకులకు మార్చే అనుమతి, పాఠకులకు చూసే అనుమతి మాత్రమే ఇవ్వాలి. ఒక గ్రంథాలయం వరుసలను మరొకరు పొరపాటున మార్చకుండా ఆ భాగాన్ని ప్రొటెక్ట్ చేయవచ్చు. తప్పు జరిగినా భయం లేదు. వెర్షన్ హిస్టరీలో ఎవరు, ఎప్పుడు మార్చారో కనిపిస్తుంది, పాత రూపానికి వెనక్కి వెళ్లవచ్చు.

సభ్యుల ఫోన్ నంబర్లు, చిరునామాలు, ఆధార్ వివరాలు ఈ పట్టికలో ఉండకూడదు. కాలమ్ దాచితే సరిపోదు. చూసేవారు కాపీ తీసుకుంటే దాచినవీ బయటపడతాయి. సభ్యుల వివరాలకు వేరే ఫైలు ఉండాలి, దాని లింకు బయటికి వెళ్లకూడదు. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం కూడా వచ్చింది.

పాఠకులకు ఏం దక్కుతుంది?

జాబితా లింకును క్యూఆర్ కోడ్‌గా మార్చి తలుపు దగ్గర అంటిస్తే, పాఠకుడు ఫోన్‌లోనే చూసుకుంటాడు. పక్కనే గూగుల్ ఫారం కోడ్ పెట్టి, కావలసిన పుస్తకం పేరు రాయమనండి. జవాబులు నేరుగా పట్టికలోకి చేరతాయి. కొత్త పుస్తకాలు కొనేటప్పుడు ఏవి ఎంతమంది అడిగారో లెక్క చేతిలో ఉంటుంది.

వాట్సాప్ గ్రూపు కబురు చెప్పుకోవడానికి బాగుంటుంది కానీ జాబితాకు పనికిరాదు. నిన్నటి మెసేజ్ రేపటికి పైకి వెళ్లిపోతుంది.

నెట్ లేకపోతే? జాబితా పెరిగితే?

కరెంటు, నెట్ పోయిన రోజు నోట్‌బుక్‌లో రాసుకుని సాయంత్రం ఎక్కించవచ్చు. అక్సెషన్ రిజిస్టర్‌ను మాత్రం ఎప్పటిలాగే నడపాలి. ఆన్‌లైన్ పట్టిక దానికి తోడే తప్ప బదులు కాదు.

ఇచ్చిపుచ్చుకోవడాల లెక్కంతా కంప్యూటర్లోనే నడపాలనుకుంటే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. న్యూజిలాండ్‌లోని ఒక చిన్న గ్రంథాలయ సంస్థ కోసం తయారై 2000లో వాడుకలోకి వచ్చిన కోహా ఒకటి. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐసీ రూపొందించిన ఈ-గ్రంథాలయ మరొకటి. పట్టికను శుభ్రంగా ఉంచుకుంటే రేపు వాటిలోకి మార్చుకోవడం సులువు.

మీరు పాఠకులైతే?

గ్రంథాలయాలు నడిచేది మీరు కట్టే పన్నుతోనే. ఇంటి పన్నులో ప్రతి రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్. స్థానిక సంస్థలు దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. కాబట్టి మీ గ్రంథాలయంలో ఇలాంటి జాబితా ఉందా అని అడగండి. లేకపోతే టైపింగ్‌లో సాయం చేస్తామని చెప్పండి. ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. వాటిలో కనీసం వంద పుస్తకాల జాబితాను పాఠకుల ముందు పెట్టినా మంచి ఆరంభమే.