మార్కెట్టు మొజంజాహీది, మూట మాది

మాది ఆర్మూరు. పసుపు నేల. పసుపు రకాల్లో ఒకదానికి మా ఊరి పేరే ఉంది. పసుపు తవ్వే కాలమొస్తే ఊరంతా ఉడికిన దుంపల వాసన. కల్లాల్లో ఆరే కొమ్ములు, మండలు. తర్వాత గోనెసంచులు, నిజామాబాదు యార్డు. మేమెరిగిన మార్కెట్టంటే సగం ఆకాశమే. ఎండలో రాసులు, ఎండలో బేరం. అందుకే హైదరాబాదులో మొజంజాహీ మార్కెట్టు కమాను కింద నిలబడ్డప్పుడు మాకు ముందుగా తెలిసింది నీడ.

నల్లరాతి కట్టడం. రెండు బారుల దుకాణాలు, అవి కలిసేచోట గుమ్మటం, గడియారం. 1908 మూసీ వరద నగరాన్ని ఊడ్చేశాక 1912లో నగరాభివృద్ధి బోర్డు పుట్టింది. వెడల్పు రోడ్లు, పత్థర్‌గట్టి కమానులు ఆ కాలపు పనులే. ఈ మార్కెట్టు 1935 నాటిది. ఆఖరి నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ రెండో కొడుకు మొజంజా పేరు పెట్టారు. ఆయన ఆ బోర్డుకు అధ్యక్షుడు, ఉర్దూ కవి కూడా. ఒకప్పుడు ఇది పండ్ల మార్కెట్టు. టోకు వ్యాపారం ఎప్పుడో తరలిపోయింది. ఐస్‌క్రీమ్, అత్తరు, ఎండుపండ్లు మిగిలాయి. పాడుబడ్డ కట్టడాన్ని బాగుచేసి 2020లో మళ్లీ తెరిచారు.

మాతో వచ్చిన మిత్రుడు తలెత్తి చూసి, ‘మీ నవాబులు ఎంత బాగా కట్టించారో!’ అన్నాడు. మెచ్చుకోలే. కానీ ఆ ‘మీ’ దగ్గర మేం ఆగిపోయాం. ఈ మాట మాకు కొత్త కాదు. బడిలో విన్నాం, ఎన్నికల సభల్లో విన్నాం. మీ నిజాం, మీ రజాకార్లు. పొగిడినా తిట్టినా మమ్మల్ని ఒకే కోట ముందు నిలబెడతారు. ఆ కోటలో మా తాతలకు గది ఎప్పుడుందని ఎవరూ అడగరు.

మేమెవరమో ప్రభుత్వ జాబితాయే చెప్తుంది. 2007లో ముస్లింలలో వెనుకబడిన వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ ఇస్తూ చేసిన చట్టం చూడండి. అత్తరు సాయిబులు, హజాములు, ఫకీర్లు, ముస్లిం ధోబీలు, ఖురేషీలు, కక్కుకొట్టే జింక సాయిబులు. సయ్యదులను, మొఘలులను, పఠాన్లను ఆ చట్టమే పక్కనపెట్టింది. ఇక్కడ అద్దాల బీరువాల్లో మెరిసే అత్తరునే చిన్న పెట్టెలో పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మినవాళ్లు మావాళ్లు. తిరగలి రాళ్లకు కక్కు కొట్టి పొట్టపోసుకున్నవాళ్లు మావాళ్లు. ఏ రాజవంశంలో వీళ్ల పేరు వెతుకుతారు?

అలాగని ఆ రాజ్యంతో మాకే సంబంధమూ లేదని బుకాయించం. దర్బారు భాష ఉర్దూ. తెలుగు పిల్లవాడు పరాయి భాషలో చదువుకోవాల్సి వచ్చింది, అది అన్యాయమే. ‘అనల్ మాలిక్’, నేనే రాజును అన్న నినాదం పేద సాయిబుకు కూడా మత్తెక్కించింది. పూట గడవనివాడికి కిరీటం చూపించారు. రజాకార్ల దౌర్జన్యాన్ని ఉర్దూలోనే ఎదిరించి రాసిన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ని 1948 ఆగస్టులో నరికి చంపారు. ఆయన మావాడు కాదా? దేశ్‌ముఖ్‌తో భూమి కోసం కొట్లాడి ప్రాణమిచ్చిన బందగీ మావాడు కాదా? ‘మీ’ అనేటప్పుడు ఈ పేర్లెందుకు గుర్తు రావు?

ఆ కిరీటానికి బాకీ ఎవరు కట్టారో కూడా చెప్పాలి. 1948 సెప్టెంబరు పోలీసు చర్య నాటి హత్యాకాండలో తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేలమంది చనిపోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు ఎక్కువ దెబ్బతిన్నాయి. ఆ నివేదిక దశాబ్దాల పాటు జనం కంట పడలేదు. మరి రాజు? 1950 జనవరి 26న రాజ్‌ప్రముఖ్ అయ్యాడు, భరణం అందుకున్నాడు. జాగీర్దార్లకు పరిహారం దక్కింది. రాజ్యం వాళ్లది, శిక్ష మాది.

మార్కెట్టులో తిరుగుతుంటే ఇంకొకటి తట్టింది. హమాలీ, రసీదు, బాకీ, వసూలు, కిరాయి, దుకాణం. అరబ్బీ, ఫారసీల నుంచి వచ్చిన ఈ మాటలు లేకుండా మా యార్డులో ఒక్క బస్తా కదలదు. పసుపు రైతు వాటిని తెలుగనుకునే మాట్లాడతాడు, అవి తెలుగే. మాటలు ఈ నేలవైపోయాయి. ఆ మాటలు మోసుకొచ్చిన మనుషులను మాత్రం ఇంకా ఎక్కడివాళ్లని అడుగుతున్నారు. మా ఆడపిల్ల పెళ్లిలో మాంజా నాడు పూసేదీ ఆర్మూరు పసుపే. పక్కింటి పెళ్లికూతురికి పూసేదీ అదే. పసుపుకు లేని అనుమానం మనుషులకెందుకు?

కట్టడం పేరు మార్చమని మేం అడగం. ఆ పేరును నెత్తిన పెట్టుకుని ఊరేగం. ఇందూరు నిజామాబాదయినా, నిజామాబాదును మళ్లీ ఇందూరు చేయాలన్నా మా కూలి రేటు మారదు. చరిత్ర రాసేవాళ్లు కట్టించినవాడి పేరు పక్కన రాయి చెక్కినవాళ్లనూ, మూట మోసినవాళ్లనూ రాయాలి. వాళ్లలో హిందువులున్నారు, ముస్లింలున్నారు. మా వారసత్వం వాళ్లది.

వచ్చేముందు ఒక అత్తరు దుకాణం దగ్గర ఆగాం. ముసలాయన మా మణికట్టుకు కాస్త అత్తరు రాసి, ఎక్కడినుంచి వచ్చారని ఉర్దూలో అడిగాడు. చెప్పాం.

‘హల్దీవాలా ఆర్మూర్?’ అన్నాడు.

అవునన్నాం. ఆ రోజంతటిలో మమ్మల్ని మా ఊరితో పోల్చుకున్నవాడు ఆయనొక్కడే.