సర్వర్ల దూరనిర్వహణ: చరిత్ర, బాధ్యత (గూడూరు మండల భూ రికార్డుల నేపథ్యంలో)

ఉపోద్ఘాతం:
మహబూబాబాద్ జిల్లా గూడూరు మండలంలో వ్యవసాయ భూమి కొన్న రైతు రిజిస్ట్రేషన్ కోసం తహసీల్దారు కార్యాలయానికి వెళ్తాడు. 2020 అక్టోబర్ 29న ధరణి పోర్టల్ ప్రారంభమైనప్పటి నుంచి వ్యవసాయ భూములకు తహసీల్దారే జాయింట్ సబ్ రిజిస్ట్రార్. 2025లో ధరణి స్థానంలో భూభారతి వచ్చినా ఈ పద్ధతి కొనసాగింది. సంతకం మండల కేంద్రంలోనే జరుగుతుంది. రికార్డు మాత్రం ఎక్కడో ఉన్న కేంద్రీకృత సర్వర్‌లో ఉంటుంది. అది స్పందించకపోతే రైతుకు వినిపించే మాట ‘సర్వర్ డౌన్’. పెద్ద డేటా కేంద్రాల్లో సర్వర్‌ను సరిచేసే నిర్వాహకుడు కూడా తరచూ దానికి దూరంగానే ఉంటాడు. ఈ దూరాన్ని సాధ్యం చేసిన సాధనం రిమోట్ మేనేజ్‌మెంట్ కంట్రోలర్. దాని పరిణామాన్ని, అది తెచ్చిన బాధ్యతను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆవిర్భావ వికాసాలు:
ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998 నవంబర్‌లో ‘కార్డ్’ పథకం ద్వారా సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాలు కంప్యూటరీకరణ చెందాయి. అప్పుడు సర్వర్ ఆయా కార్యాలయాల్లోనే ఉండేది. మొరాయిస్తే మనిషే దాని దగ్గరకు వెళ్లాలి. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఇంటెల్, డెల్, హ్యూలెట్ ప్యాకార్డ్, ఎన్‌ఈసీ సంస్థలు ‘ఐపీఎంఐ’ అనే ప్రమాణాన్ని ప్రకటించాయి. మదర్‌బోర్డుపై ఒక చిన్న ప్రాసెసర్ ఉండి, యంత్రపు ఉష్ణోగ్రతను, ఫ్యాన్లను, విద్యుత్ సరఫరాను గమనిస్తూ ఉండడం ఇందులోని కీలకాంశం. సర్వర్ ఆపివేసి ఉన్నా, ప్లగ్ నుంచి అందే స్టాండ్‌బై విద్యుత్తుతో ఆ ప్రాసెసర్ మేల్కొనే ఉంటుంది. 2001 నాటి 1.5 వెర్షన్‌తో దాన్ని నెట్‌వర్క్ ద్వారా చేరుకునే ప్రామాణిక మార్గం ఏర్పడింది. 2004 నాటి 2.0 వెర్షన్ సమాచార గోప్యతకు ఎన్‌క్రిప్షన్‌ను చేర్చింది. 2015లో డీఎంటీఎఫ్ సంస్థ వెబ్ పద్ధతులపై ఆధారపడిన ‘రెడ్‌ఫిష్’ను వెలువరించింది.

ప్రాథమిక అమరికలు:
కొత్త సర్వర్‌లో మొదట చేయవలసిన పనులు కొన్నే: కంట్రోలర్‌కు ఐపీ చిరునామా కేటాయించడం, దాన్ని ప్రత్యేక నెట్‌వర్క్‌లో ఉంచడం, తయారీదారు ఇచ్చిన పాస్‌వర్డ్ మార్చడం, ఒక్కొక్కరికి ఒక్కో ఖాతా ఇవ్వడం, గడియారాన్ని సరిచేయడం, హెచ్చరికలు ఎవరికి చేరాలో నిర్ణయించడం. వీటిలో గడియారం అల్పంగా కనిపిస్తుంది. కానీ సమయం తప్పితే, యంత్రాన్ని ఎవరు ఎప్పుడు ఆపారో చెప్పే లాగ్ సాక్ష్యంగా నిలవదు. అందరూ ఒకే ఖాతా వాడితే ‘ఎప్పుడు’ తెలిసినా ‘ఎవరు’ తెలియదు.

భద్రతా సంక్షోభం:
ఈ కంట్రోలర్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు అడుగున పనిచేస్తుంది. దాన్ని చేజిక్కించుకున్నవాడు సర్వర్‌ను ఆపగలడు, వేరే డిస్క్ నుంచి నడిపించగలడు. 2013లో భద్రతా పరిశోధకుడు డాన్ ఫార్మర్ ఐపీఎంఐ లోపాలను వెలుగులోకి తెచ్చాడు. 2.0 ప్రమాణం ప్రకారం లాగిన్ పూర్తికాక ముందే పాస్‌వర్డ్ నుంచి రూపొందిన హాష్ అవతలివారికి చేరుతుంది. బలహీనమైన పాస్‌వర్డ్‌ను దాని నుంచి ఊహించవచ్చు. లోపం ప్రమాణంలోనే ఉన్నందున, నెట్‌వర్క్‌ను వేరుచేయడమే ప్రధాన రక్షణ అయింది. ఆ ఏడాదే అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా విభాగం దీనిపై హెచ్చరిక జారీ చేసింది. అనుసంధాన పరికరాలకు ఒకే ఉమ్మడి పాస్‌వర్డ్ ఇచ్చే అలవాటును కట్టడి చేసే కాలిఫోర్నియా చట్టం 2020 జనవరి 1న అమల్లోకి వచ్చింది.

ముగింపు:
కాగితపు రికార్డుల కాలంలో అధికారి బదిలీ అయితే రికార్డు గది తాళంచెవులు చార్జి జాబితాలో రాసి, సంతకం తీసుకుని అప్పగించేవారు. తాళం ఎవరి చేతిలో ఉందో కార్యాలయంలో అందరికీ తెలిసేది. రిమోట్ కంట్రోలర్ ఖాతా కూడా అటువంటి తాళంచెవే. సిబ్బంది మారినప్పుడు పాత ఖాతా తొలగించారా, పాస్‌వర్డ్ మార్చారా అన్న ప్రశ్నలు సాంకేతిక విభాగానికే పరిమితం కారాదు. అవి రికార్డు సంరక్షణలో భాగం. యంత్రం కార్యాలయం దాటి వెళ్లింది కనుక చార్జి జాబితా కూడా దాని వెంటే వెళ్లాలి. గూడూరు రైతు చేతిలోని పట్టాదారు పాస్ పుస్తకానికి ఉన్న విలువ, అతడు ఎన్నడూ చూడని ఆ అమరికలపై కూడా ఆధారపడి ఉంది.