విమాన పైలట్లు యూనియన్ చందా తప్పనిసరిగా కట్టాలా?

అమెరికాలో పలు విమానయాన సంస్థల్లో పైలట్లు యూనియన్‌లో సభ్యులైనా కాకపోయినా దానికి డబ్బు కట్టాల్సిందే. కట్టనంటే ఉద్యోగానికే ముప్పు. మన దేశంలో అలాంటి నిర్బంధం లేదు. ఇష్టముంటే చేరవచ్చు, లేకుంటే మానవచ్చు. ఈ రెండు పద్ధతుల్లో ఏది న్యాయం? చట్టాలు, కోర్టు తీర్పులు ఏం చెబుతున్నాయో వరుసగా చూద్దాం.

రైళ్ల చట్టం విమానాలకు

అమెరికాలో రైల్వే కార్మికుల కోసం 1926లో రైల్వే లేబర్ చట్టం వచ్చింది. రైళ్లు ఆగిపోకుండా యాజమాన్యాలూ కార్మికులూ మాట్లాడుకుని తగవులు తీర్చుకోవాలన్నది దాని ఉద్దేశం. 1936లో ఆ చట్టాన్ని విమానయాన సంస్థలకు కూడా వర్తింపజేశారు. అందుకే అక్కడ పైలట్ల యూనియన్ వ్యవహారాలు నేటికీ రైల్వే చట్టం ప్రకారమే నడుస్తున్నాయి. పైలట్ల యూనియన్లలో పెద్దదైన ఎయిర్ లైన్ పైలట్స్ అసోసియేషన్ 1931లో ఏర్పడింది.

ఈ చట్టం ప్రకారం ఒక సంస్థలోని పైలట్లందరి తరఫున ఒకే యూనియన్ మాట్లాడుతుంది. ఎక్కువమంది ఓటు వేసి ఎన్నుకున్న యూనియన్‌కే ఆ అధికారం. జీతం, సీనియారిటీ, డ్యూటీ గంటలు, సెలవులు, పింఛను వంటివాటిపై అది కుదుర్చుకున్న ఒప్పందం సభ్యులకూ సభ్యులు కానివారికీ సమానంగా వర్తిస్తుంది. సభ్యత్వం లేని పైలట్ విడిగా వెళ్లి బేరమాడుకునే వీలు లేదు.

1951లో ఈ చట్టానికి ఒక ముఖ్యమైన సవరణ చేశారు. యాజమాన్యం, యూనియన్ ఒప్పుకుంటే ఉద్యోగులందరూ చందా కట్టాలన్న షరతు పెట్టుకోవచ్చని అది చెప్పింది. ఇక్కడ ఒక మాట గమనించాలి. అందరూ కట్టి తీరాలని చట్టం ఆజ్ఞాపించలేదు. అలాంటి ఒప్పందం చేసుకోవడానికి అనుమతి మాత్రమే ఇచ్చింది. చందా, చేరిక రుసుము వంటివి వసూలు చేసుకోవచ్చు గాని, యూనియన్ వేసిన జరిమానా కట్టలేదని ఎవరి ఉద్యోగమూ తీయకూడదు.

మిగతా ప్రైవేటు ఉద్యోగుల సంగతి వేరు. 1947 నాటి టాఫ్ట్-హార్ట్‌లీ చట్టం నిర్బంధ చందాను నిషేధించే అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చింది. సుమారు సగం రాష్ట్రాలు అలా నిషేధించాయి కూడా. కానీ ఆ నిషేధం రైల్వేలకూ విమానాలకూ వర్తించదు. జార్జియా, టెక్సాస్ రాష్ట్రాల్లో ఫ్యాక్టరీ కార్మికుడు చందా కట్టనని చెప్పగలడు. అదే ఊళ్లో ఉండే పైలట్ తన సంస్థలో ఒప్పందం ఉంటే కట్టక తప్పదు. 2018లో జేనస్ కేసులో సుప్రీంకోర్టు నిర్బంధ రుసుము చెల్లదని చెప్పింది. అయితే ఆ తీర్పు ప్రభుత్వ ఉద్యోగులకే. ప్రైవేటు సంస్థల పైలట్లకు అది అందదు.

కట్టాలనేవారి వాదన

అందరి తరఫునా పని చేయాలని యూనియన్‌ను చట్టమే కట్టడి చేసింది. 1944లో స్టీల్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఈ బాధ్యతను స్పష్టం చేసింది. రైల్వేలో తెల్లవారి యూనియన్ ఒకటి నల్లజాతి ఫైర్‌మన్ల ఉద్యోగాలకు ఎసరు పెట్టే ఒప్పందం చేసుకుంటే, అందరి తరఫున మాట్లాడే అధికారం తీసుకున్నవారు అందరికీ న్యాయం చేయాల్సిందేనని కోర్టు చెప్పింది. 1991లో ఓనీల్ కేసులో పైలట్ల యూనియన్‌కు కూడా ఈ బాధ్యత వర్తిస్తుందని తేల్చింది.

మన తెలుగు సంఘాలకూ యూనియన్‌కూ తేడా ఇక్కడే ఉంది. ఉగాది పచ్చడికి వచ్చే కుటుంబాలన్నీ చందా రసీదు తీసుకోవని కార్యదర్శిగా పనిచేసిన ప్రతివారికీ తెలుసు. ఎవరినీ పులిహోర పెట్టకుండా పంపం. కానీ అది మన మర్యాద మాత్రమే. సభ్యులకే భోజనాలు అని తీర్మానం చేసుకునే స్వేచ్ఛ మనకుంది. యూనియన్‌కు ఆ స్వేచ్ఛ లేదు. పెంచిన జీతం సభ్యులకే ఇవ్వండని అది అడగలేదు. వడ్డన అందరికీ చేయాల్సిందేనని చట్టం అన్నప్పుడు, ఖర్చు కూడా అందరూ పంచుకోవాలనడం సబబుగానే ఉంది.

వద్దనేవారి వాదన

నేను ఎన్నుకోని వాళ్లకు నా జీతంలోంచి ఎందుకివ్వాలి అన్నది మొదటి ప్రశ్న. నాకు గిట్టని రాజకీయాలకు నా డబ్బు ఎందుకు పోవాలి అన్నది రెండోది. మొదటి ప్రశ్నకు 1956లో హాన్సన్ కేసులో జవాబు వచ్చింది. ఒప్పందాల ఖర్చు పంచుకోమనడం రాజ్యాంగ విరుద్ధం కాదని కోర్టు చెప్పింది. రెండో ప్రశ్నకు 1961లో స్ట్రీట్ కేసులో జవాబు దొరికింది. అభ్యంతరం చెప్పిన ఉద్యోగి డబ్బును రాజకీయాలకు వాడకూడదని తీర్పు. ఈ రెండూ రైల్వే ఉద్యోగులు వేసిన కేసులే.

తర్వాత లెక్కల తగాదా మొదలైంది. ఏ ఖర్చు అందరిదీ, ఏది సభ్యులది? 1984లో ఎల్లిస్ కేసులో కోర్టు పద్దు పద్దూ విడదీసి చూసింది. యూనియన్ మహాసభల ఖర్చు, సమావేశాల్లో ఇచ్చే ఫలహారాల ఖర్చు కూడా అందరి మీదా వేయవచ్చంది. కొత్త సభ్యులను చేర్చుకునే ప్రచారం ఖర్చు, బేరసారాలతో సంబంధం లేని కోర్టు ఖర్చులు వేయకూడదంది.

డెల్టా సంస్థ పైలట్ల కేసు మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ. 1992 ఖర్చుల్లో 19 శాతం బేరసారాలకు సంబంధించినవి కావని యూనియనే లెక్క కట్టి, సభ్యులు కానివారు 81 శాతం కట్టాలంది. కొందరు ఆ లెక్క ఒప్పుకోలేదు. 1997లో వాషింగ్టన్ అప్పీలు కోర్టు, విమాన భద్రత కోసం ప్రభుత్వ శాఖలను ఒత్తిడి చేయడానికి అయిన ఖర్చును కూడా అభ్యంతరం చెప్పినవారి మీద వేయరాదని చెప్పింది. లెక్క నచ్చనివారు ముందు యూనియన్ ఏర్పాటు చేసిన మధ్యవర్తి దగ్గరికే వెళ్లాలన్న నిర్బంధం లేదని, నేరుగా కోర్టుకు రావచ్చని 1998లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

భద్రత మీద వచ్చిన తీర్పు కాస్త ఆలోచించదగ్గది. పైలట్‌కు చాలినంత విశ్రాంతి ఉండాలన్న నియమం వస్తే చందా కట్టినవారికీ కట్టనివారికీ, వెనక కూర్చున్న ప్రయాణికులకూ మేలే. అయినా అది యాజమాన్యంతో బేరం కాదు, ప్రభుత్వంతో వ్యవహారం. గీత ఎక్కడో ఒకచోట గీయాలి గనుక కోర్టు అక్కడ గీసింది.

మన దేశంలో

విచిత్రంగా మన ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది కూడా 1926లోనే. మద్రాసు బకింగ్‌హామ్, కర్ణాటిక్ మిల్లుల కార్మికుల పోరాటం, యూనియన్ నాయకులపై హైకోర్టు ఇచ్చిన నిషేధాజ్ఞ దానికి దారి తీశాయి. రాజకీయ ఖర్చుకు విడిగా నిధి ఉండాలనీ, దానికి డబ్బు ఇమ్మని ఎవరినీ బలవంతపెట్టరాదనీ ఆ చట్టం మొదటి నుంచే చెప్పింది. అమెరికా కోర్టు 1961లో చెప్పిన మాటను మన చట్టం 35 ఏళ్ల ముందే రాసుకుంది. జీతంలోంచి చందా కోయాలంటే ఉద్యోగి రాతపూర్వక అనుమతి కావాలి. 2001 సవరణ సాధారణ కార్మికుడి కనీస చందాను ఏడాదికి 12 రూపాయలుగా పెట్టింది.

మరోవైపు, రాజీ అధికారి సమక్షంలో కుదిరిన ఒప్పందం సంస్థలోని కార్మికులందరికీ వర్తిస్తుందని 1947 పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పింది. అంటే ఫలం అందరిదీ, ఖర్చు కొందరిదీ అన్నది మనకూ ఉన్నదే. 2020లో పార్లమెంటు ఆమోదించిన పారిశ్రామిక సంబంధాల కోడ్, 51 శాతం కార్మికుల మద్దతున్న యూనియన్‌కు బేరమాడే హక్కు ఇచ్చింది. ఒకే యూనియన్ అందరి తరఫునా మాట్లాడేచోట, ఖర్చు ఎవరిదన్న అమెరికా ప్రశ్న మన గుమ్మంలోకీ వస్తుంది.

మన బరంపురంలో పుట్టి, రైల్వే కార్మికుల నాయకుడిగా ఎదిగి రాష్ట్రపతి అయిన వి.వి.గిరి గారు, తగవులు కోర్టుల్లో కాక యూనియన్లూ యాజమాన్యాలూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలని గట్టిగా నమ్మారు. అలా కూర్చోవాలంటే యూనియన్‌కు బలం ఉండాలి. బలానికి డబ్బు కావాలి.

అందుచేత ఈ వ్యాసకర్త అభిప్రాయం ఇది. చట్టం ఒకే యూనియన్‌కు అందరి బాధ్యతా అప్పగించినచోట, ఆ పనికయ్యే ఖర్చులో వాటా పైలట్లందరూ కట్టడం న్యాయం. సభ్యులుగా చేరమని మాత్రం ఎవరినీ బలవంతపెట్టకూడదు. రాజకీయాలకు పైసా తీసుకోకూడదు. ఏటా పద్దులు బయటి ఆడిటరుతో తనిఖీ చేయించి, కట్టినవారి చేతికివ్వాలి. లెక్క చూపించలేని యూనియన్‌కు నిర్బంధంగా వసూలు చేసే హక్కు లేదు.